ఎక్సెల్ ఫైళ్లన్నిటికీ డిఫాల్ట్‌గా బ్యాకప్ పడేలా పెట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎక్సెల్‌లో 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్' అని ఒక టిక్కు ఉంది గానీ దాన్ని ఒక్కో ఫైల్‌కి విడిగా పెట్టాల్సి వస్తోంది. మీ ఆఫీసులో మూడు వందల దాకా ఫైళ్లున్నాయి. వాడేది ముగ్గురు, అందులో ఒకరికి కంప్యూటర్ అంతంతమాత్రమే. ఎవరూ ఏమీ నొక్కకుండా అన్ని ఫైళ్లకీ దానంతట అదే బ్యాకప్ పడాలి.

సూటిగా చెప్పాలంటే, 'ఇకమీదట అన్ని ఫైళ్లకీ బ్యాకప్ తియ్యి' అని ఎక్సెల్ ఆప్షన్స్‌లో ఒక్కచోట పెట్టే వీలు లేదు. ఆ టిక్కు ఫైల్‌తో పాటు ఉండేది, ప్రోగ్రామ్‌తో పాటు కాదు. ఎక్సెల్‌కి బదులు ఉచితంగా వాడుకునే లిబ్రేఆఫీస్‌లో ఆ వీలుంది. ఎక్సెలే వాడక తప్పదు అంటే ఈ పని ఎక్సెల్ చేతిలోంచి తీసేసి విండోస్‌కి అప్పజెప్పాలి. నేను ఈ ముక్క తెలుసుకునేసరికి మూడు రాత్రుల నిద్ర పోయింది. ఆ కథ చెబితే ఏ పద్ధతి దేనికి పనికొస్తుందో మీకే తెలుస్తుంది. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

నేను గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. మా షావుకారు గారి నాన్నగారి రోజుల్లో అంతా చిట్టా, ఆవర్జా పుస్తకాలే. ఇప్పుడు ఎక్సెల్. రైతు పేరు, ఊరు, సరుకు రకం (తేజ, 334, బ్యాడిగి, ఇలా), బస్తాలు, తూకం, క్వింటా ధర, హమాలీ, కమీషన్, ముందు తీసుకున్న అడ్వాన్సు, చివరికి రైతుకి చేరాల్సిన డబ్బు. ఒక్కో అమ్మకానికి ఒక్కో వరస. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి సరుకు పోటెత్తుతుంది, మాకు భోజనానికి కూడా తీరిక ఉండదు.

అలాంటి ఒక మార్చి రాత్రి తొమ్మిదిన్నరకి షావుకారు గారు 'రైతుల పేర్లు వరసగా పెట్టి ఒక లిస్టు ఇవ్వు' అన్నారు. పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను. ఎక్సెల్ అడిగింది: పక్క కాలమ్స్‌ని కూడా కలుపుకోవాలా, ఈ ఒక్కదాన్నే మార్చాలా అని. రెండోది నొక్కాను. ఎందుకు నొక్కానంటే చెప్పలేను, ఆకలి మీద ఉన్నాను. పేర్లన్నీ అక్షరక్రమంలో చక్కగా సర్దుకున్నాయి. బస్తాలు, తూకాలు, డబ్బులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. లిస్టు ప్రింట్ తీసి, కంట్రోల్ ఎస్ కొట్టి, ఫైల్ మూసి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున ఒక పెద్దాయన డబ్బుకి వచ్చాడు. ఆయన తెచ్చింది 42 బస్తాలు, మా ఫైల్‌లో 7 అని ఉంది. ఆయన తన పట్టీ (మేము ఇచ్చిన అమ్మకం చీటీ) చూపించాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను, చెమటలు పట్టాయి. నాలుగు వరసలు చూసేసరికి విషయం అర్థమైంది: సీజన్ మొదలైన దగ్గర్నుంచి రాసిన లెక్కంతా ఒకరి పేరు మీద ఇంకొకరి సరుకు.

ఇలాంటప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. ఫైల్, ఇన్ఫో, మేనేజ్ వర్క్‌బుక్, 'రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్'. అందులో ఏమీ లేదు, ఉండదు కూడా. ఎక్సెల్ పది నిమిషాలకోసారి దాచే ఆటోరికవర్ అనేది కరెంటు పోయినప్పుడో, ప్రోగ్రామ్ హఠాత్తుగా మూసుకుపోయినప్పుడో, సేవ్ చెయ్యకుండా మూసేసినప్పుడో ఆదుకోవడానికి పెట్టింది. మనం చేతులారా సేవ్ చేసి మామూలుగా మూసేస్తే, ఇక పని అయిపోయింది కదా అని అది దాచుకున్నది చెరిపేస్తుంది. నా తప్పుని నేనే సేవ్ చేశాను కాబట్టి దాని లెక్కలో తప్పేమీ జరగలేదు. చాలామంది ఆటోరికవర్ నిమిషాలు పది నుంచి రెండుకి తగ్గించి, ఇక బ్యాకప్ ఉన్నట్టే అనుకుంటారు. మీ ఆఫీసులో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు.

మమ్మల్ని గట్టెక్కించింది పట్టీ పుస్తకాల కార్బన్ కాపీలు. మూడు రాత్రులు మా ఆవిడ ఆ కాగితాలు చదువుతుంటే నేను మళ్లీ కొట్టాను. ఆవిడకి ఇప్పటికీ ఆ ఏడాది తేజ ధరలు నోటికొచ్చు.

ఆ తర్వాతే బ్యాకప్ సంగతి పట్టించుకున్నాను. మొదట పెట్టింది మీరు చెప్పిన టిక్కే. ఎఫ్12 నొక్కితే సేవ్ యాజ్ పెట్టె వస్తుంది. అందులో సేవ్ బటన్ పక్కన 'టూల్స్', దానిలో 'జనరల్ ఆప్షన్స్', అక్కడ 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్'. అదే పెట్టెలో ఫైల్ తెరవడానికి ఒక పాస్‌వర్డ్, మార్చడానికి ఒక పాస్‌వర్డ్ అడిగే గడులు కూడా ఉంటాయి. వాటిని ఖాళీగా వదిలెయ్యండి. మా కొట్టులో ఒక కుర్రాడు అవి నింపితేనే ఓకే పడుతుందనుకుని ఏదో కొట్టేశాడు. ఏం కొట్టాడో వాడికే గుర్తులేదు.

టిక్కు పెట్టాక ఎక్సెల్ చేసేది చాలా చిన్న పని. మీరు సేవ్ కొట్టిన ప్రతిసారీ, అంతకుముందు సేవ్ అయి ఉన్న పాత రూపాన్ని అదే ఫోల్డర్‌లో 'బ్యాకప్ ఆఫ్' అనే పేరుతో పక్కన పెడుతుంది. దాని ఎక్స్‌టెన్షన్ ఎక్స్ఎల్‌కె. అంటే మీ దగ్గర ఎప్పుడూ ఉండేది ఒక్క మెట్టు వెనకటి కాపీ మాత్రమే. తప్పు చేసి ఒక్కసారి సేవ్ కొడితే బ్యాకప్‌లో మంచి కాపీ ఉంటుంది. అలవాటు కొద్దీ ఇంకోసారి కంట్రోల్ ఎస్ కొట్టారా, బ్యాకప్‌లోకి కూడా ఆ తప్పే వచ్చి కూర్చుంటుంది. మాలాంటి వాళ్లం కరెంటు భయంతో నిమిషానికోసారి ఆ మీట నొక్కుతాం కదా! పైగా రెండు కాపీలూ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. హార్డ్ డిస్క్ పోతే రెండూ పోతాయి.

అయినా ఆ టిక్కు దండగని అనను. నా సార్ట్ పొరపాటు లాంటిది జరిగి వెంటనే కనిపెడితే అది అర నిమిషంలో పని కానిస్తుంది. ప్రతి ఫైల్‌కీ పెట్టే బాధ తప్పించుకోవడానికి నేను చేసే ఉపాయం చెబుతాను. టిక్కు పెట్టిన ఒక ఖాళీ ఫైల్ తయారుచేసి, తలకట్టులూ ఫార్ములాలూ అందులోనే వేసి, 'నమూనా' అని పేరు పెట్టుకున్నాను. కొత్త నెలకి కొత్త ఫైల్ కావాలంటే ఎక్సెల్‌లో కొత్త పుస్తకం తెరవను. ఆ నమూనాని ఫోల్డర్‌లోనే కాపీ పేస్ట్ చేసి పేరు మారుస్తాను. ఫైల్‌తో పాటు టిక్కు కూడా వస్తుంది. మీ మూడో మనిషికి కూడా ఇది నేర్పొచ్చు, ఇందులో ఎక్సెల్ తెలియాల్సిన పనేం లేదు.

లిబ్రేఆఫీస్ మీకు చాలుననుకుంటే మీరు అడిగిన 'డిఫాల్ట్' అక్కడ నిజంగానే ఉంది. టూల్స్, ఆప్షన్స్, 'లోడ్/సేవ్', జనరల్. అందులో 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ' ఒక్కసారి పెడితే ఆ కంప్యూటర్‌లో ఆ లాగిన్‌తో సేవ్ చేసే ఫైళ్లన్నిటికీ వర్తిస్తుంది, లెటర్లకి కూడా. ఇక్కడా దాచేది ఒక్క మెట్టే, బ్యాక్ (bak) అనే మూడక్షరాల ఎక్స్‌టెన్షన్‌తో. వాటిని ఎక్కడో లోపల దాగి ఉండే యూజర్ ఫోల్డర్‌లో పెడుతుంది కాబట్టి, ఆప్షన్స్‌లోనే 'పాత్స్' అనే చోటుకి వెళ్లి బ్యాకప్ ఫోల్డర్‌ని కనబడే చోటుకి మార్చుకోండి. మా తమ్ముడి ఎరువుల కొట్టులో ఇదే పెట్టాను. పెట్టాక ఒక చిక్కు బయటపడింది. వాడికి రెండు లైసెన్సులు, రెండు ఫోల్డర్లు, రెండిట్లోనూ 'స్టాక్' అనే పేరుతోనే ఫైళ్లు. బ్యాకప్ ఫోల్డర్ ఒక్కటే కావడంతో ఒకదాని కాపీ మీద రెండోది వచ్చి పడుతోంది, చెప్పాపెట్టకుండా. ఫైల్ పేర్లలో లైసెన్సు పేరు కూడా చేర్చాక కుదుటపడింది. కొత్త వెర్షన్లలో బ్యాకప్‌ని అసలు ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టే వీలు కూడా ఇచ్చారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక్క మెట్టు బ్యాకప్ ఎందుకు చాలదో ఇంకో అనుభవం వల్ల తెలిసింది. మా దగ్గర రైతుల బ్యాంకు ఖాతా నంబర్ల ఫైల్ ఒకటుంది. నంబర్లని టెక్స్ట్‌గా పెట్టుకుంటాం. అలా పెడితే గడి మూలన ఆకుపచ్చ త్రికోణం వస్తుంది, 'నంబర్‌ని టెక్స్ట్‌గా రాశారు' అని. కొత్తగా చేరిన అబ్బాయికి ఆ త్రికోణాలు నచ్చలేదు. కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి 'కన్వర్ట్ టు నంబర్' అనేశాడు. ఎక్సెల్ 15 అంకెల వరకే నంబర్‌ని సరిగ్గా గుర్తుంచుకుంటుంది. 16 అంకెలున్న ఖాతాలన్నిటికీ చివరి అంకె సున్నా అయిపోయింది. ముందు సున్నాలున్న ఖాతాలకి ఆ సున్నాలు రాలిపోయాయి. త్రికోణాలు పోయాయి, షీటు ముచ్చటగా ఉంది. ఎవరూ గమనించలేదు. పదిహేడు రోజుల తర్వాత ఒక రైతుకి వేసిన డబ్బు వెనక్కి వచ్చినప్పుడు బయటపడింది. ఈలోగా ఆ ఫైల్‌ని ఎన్ని వందలసార్లు సేవ్ చేశామో! ఎక్స్ఎల్‌కె ఫైల్‌లో కూడా సున్నాలే.

ఈసారి మాత్రం నిద్ర చెడలేదు, ఎందుకంటే అప్పటికే విండోస్‌లో ఫైల్ హిస్టరీ పెట్టి ఉంచాను. మీకు నేను చెప్పే అసలు జవాబు ఇదే. విండోస్ 8 నుంచీ ఉంది, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో 'ఫైల్ హిస్టరీ' అని వెతికితే వస్తుంది. బయటి హార్డ్ డిస్క్ ఒకటి తగిలించి 'టర్న్ ఆన్' అంటే చాలు. మీరు వేరే ఏమీ మార్చకపోతే గంటకోసారి చూసి, మారిన ఫైళ్లని మాత్రం ఆ డిస్క్‌లోకి కాపీ చేస్తుంది, పాత కాపీలని తియ్యకుండా. 'అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్'లో గంటని పది నిమిషాలకి తగ్గించుకోవచ్చు. సీజన్‌లో నేను పావుగంటకి పెడతాను, మిగతా రోజుల్లో గంట. పాత కాపీలు ఎన్నాళ్లుంచాలి అన్నదగ్గర 'ఫరెవర్' అని ఉంటుంది, దాన్ని కదపలేదు. ఎక్సెల్ ఫైళ్లు ఎంత చోటు తింటాయి గనక.

ఇది ఎవరి ఫైల్, ఏ ప్రోగ్రామ్, టిక్కు ఉందా లేదా అని చూడదు. ఫోల్డర్‌ని చూస్తుంది. మీ మూడో మనిషి ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

ఇక్కడ ఒక పెద్ద గొయ్యి ఉంది, అందులో నేను నెలరోజులు పడి ఉన్నాను. ఫైల్ హిస్టరీ మామూలుగా చూసేది డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లనే. మన దగ్గర కంప్యూటర్ అమర్చేవాళ్లు మొదట చెప్పే మాట ఏమిటి? 'సీలో ఏం పెట్టకండి సార్, ఫార్మాట్ చేస్తే పోతాయి, డీ డ్రైవ్‌లో పెట్టుకోండి' అని. అందరి లెక్కలూ డీలోనే. ఫైల్ హిస్టరీ డీ వైపు చూడనే చూడదు. పచ్చగా 'ఆన్' అని కనిపిస్తుంది, లోపల మీ ఫైల్ ఒక్కటీ ఉండదు. దీనికి విరుగుడు: డీలో ఉన్న ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ' అని ఏదో ఒక లైబ్రరీలో చేర్చాలి. విండోస్ 11లో ఇది 'షో మోర్ ఆప్షన్స్' నొక్కితే కనిపిస్తుంది. చేర్చాక ఒక గంట ఆగి, బయటి డిస్క్ తెరిచి మీ ఫైల్ పేరు కళ్లారా చూసుకోండి.

డిస్క్‌లోకి నేరుగా వెళ్లి చూస్తే ఫైల్ పేరు చివర బ్రాకెట్లలో తేదీ, టైము ఉంటాయి. ఆ టైము మనది కాదు, యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికంగా పెట్టుకున్న సమయం. దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. మొదట్లో నేను 'రాత్రి ఏడింటికి తీసిన కాపీ ఏది, ఒంటిగంటన్నరది మాత్రమే ఉందేమిటి' అని బుర్ర గోక్కున్నాను. రెండూ ఒకటే.

పాత కాపీ వెనక్కి తెచ్చుకునేటప్పుడు తొందరపడి ఇప్పటి ఫైల్ మీదే పడెయ్యకండి. ఆ ఖాతా నంబర్ల విషయంలో నేను పదిహేడు రోజుల వెనకటి ఫైల్‌ని 'రిస్టోర్ టు' అనే దానితో వేరే ఫోల్డర్‌లోకి తీసుకుని, నంబర్ల కాలమ్ ఒక్కటే తెచ్చి, రైతు పేరుతో సరిచూసి అతికించాను. నేరుగా రిస్టోర్ కొట్టి ఉంటే ఈ పదిహేడు రోజుల్లో కొత్తగా చేరిన రైతులు ఎగిరిపోయేవాళ్లు.

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ సంగతి కూడా అడుగుతారేమో. మైక్రోసాఫ్ట్ 365 ఉండి ఫైల్ వన్‌డ్రైవ్‌లో ఉంటే ఆటోసేవ్ ఆన్ అవుతుంది, ఫైల్ పేరు మీద నొక్కితే వెర్షన్ హిస్టరీ వస్తుంది. సొంత ఖాతాకి వెనకటి 25 వెర్షన్లు ఇస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన ఎక్సెల్ ఫైల్‌కైతే పాత వెర్షన్లు 30 రోజులో, 100 వెర్షన్లో దాటితే పోవచ్చు. మంచివే, ఇంటర్నెట్ నిలకడగా ఉంటే. కానీ ఆటోసేవ్‌తో నాకు పడలేదు. 'ధర ఇంత అయితే ఎంత వస్తుంది' అని ఊరికే ఒక అంకె మార్చి చూసి, సేవ్ చెయ్యకుండా మూసేసే అలవాటు నాది. ఆటోసేవ్ ఉంటే ఆ ఉత్తుత్తి అంకె కూడా నిక్షేపంగా సేవ్ అయిపోతుంది. ఇంకొకటి, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. రీసైకిల్ బిన్‌లో 30 రోజులుంటుంది, అంతే.

మాక్రో (ఎక్సెల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్) రాసి, మూసేటప్పుడల్లా తేదీ పేరుతో ఒక కాపీ పడేలా చెయ్యొచ్చు. ఒక ఏడాది వాడాను. కంప్యూటర్ మార్చిన రోజు ఆ మాక్రో సంగతి అందరం మరిచిపోయాం, అది ఆగిపోయిందని ఎవరికీ తెలియలేదు. మీ ముగ్గురిలో మాక్రోలు చూసుకునే మనిషి లేకపోతే వద్దు.

బయటి డిస్క్‌ని రాత్రింబవళ్లు తగిలించి ఉంచకండి. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్‌సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా వదలదు. 2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లే కొన్ని దాని బారిన పడ్డాయి. మేము రెండు డిస్కులు పెట్టుకున్నాం. ఒకటి కొట్టులో, ఫైల్ హిస్టరీకి. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు దాన్ని తీసి బీరువాలో పెడతాను. రెండోది మా ఇంట్లో. శనివారం శనివారం తెచ్చి లెక్కల ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, ఆ ఫోల్డర్‌కి తేదీ పేరు పెట్టి పట్టుకెళ్తాను. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే అవే వరసలో నిలబడతాయి.

నెలకోసారి, సాధారణంగా అమావాస్య రోజు బేరాలు పల్చగా ఉంటాయి కాబట్టి ఆరోజు, బీరువా డిస్క్‌ని మా షావుకారు గారి ల్యాప్‌టాప్‌కి తగిలించి ఏదో ఒక పాత ఫైల్ తెరిచి చూస్తాను. పోయినేడు అలా చూసినప్పుడే డిస్క్ వైరు వదులై వారం రోజులుగా కాపీలు పడటం లేదని తెలిసింది.

మీ మూడు వందల పాత ఫైళ్ల సంగతి. వాటన్నిటికీ కూర్చుని టిక్కులు పెట్టకండి. అన్నీ ఒకే ఫోల్డర్ కిందకి చేర్చి ఆ ఫోల్డర్‌ని లైబ్రరీలో కలిపితే ఫైల్ హిస్టరీ చూసుకుంటుంది. టిక్కు మాత్రం ఈ ఏడాది రోజూ చెయ్యి పడే ఫైళ్లకి చాలు. మా కొట్టులో లెక్కేస్తే అలాంటివి ఆరే తేలాయి.